వంగిన గీత కోసం: ఇంట్లో క్లౌడ్ చాంబర్, ఏడు రన్‌ల లెక్క

1909లో మాంచెస్టర్‌లో హాన్స్ గైగర్, ఇరవై ఏళ్ల విద్యార్థి ఎర్నెస్ట్ మార్స్‌డెన్ కలిసి ప్లాటినం రేకు మీదికి ఆల్ఫా కణాలను (రేడియోధార్మిక పదార్థాలు వదిలే ధనావేశపు కణాలను) పంపి, సుమారు 8,000లో ఒకటి వెనక్కి తిరిగొస్తోందని లెక్కతేల్చారు. ఆ ఒక్కదాన్ని పట్టుకుని 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువు మధ్యలో కేంద్రకం ఉందన్నాడు. తొమ్మిదో తరగతికి ఈ పాఠం పద్నాలుగేళ్లుగా చెబుతున్నాను. ఒక్క ఆల్ఫా కణం వంగడం మాత్రం నా కంటితో చూడలేదు.

ఆ రేకు ప్రయోగం ఇంట్లో అయ్యేది కాదు. అయితే రేకు బదులు గాలినే లక్ష్యంగా పెట్టుకోవచ్చు. ఆల్ఫా కణం నడిచిన దారి క్లౌడ్ చాంబర్‌లో తెల్లటి గీతగా కనిపిస్తుంది. గాలిలోని నైట్రోజన్ కేంద్రకానికి బాగా దగ్గరగా పోయినది వంగాలి. అలాంటిది ఒక్కటైనా చూడాలి, ఎన్నింటికి ఒకటో రాసుకోవాలి. ఇంతే పని.

ముందుగా కాగితం మీద లెక్క వేసుకున్నాను. 3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చే ఆల్ఫా, నైట్రోజన్ కేంద్రకానికి సుమారు 12 ఫెమ్టోమీటర్ల (ఒక ఫెమ్టోమీటరు అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లో వంతు) లోపు గురితో వస్తేనే 30 డిగ్రీలకు మించి వంగుతుంది. 3 సెం.మీ. గాలిలో అలా జరిగే అవకాశం వెయ్యికి ఒకటి కంటే కాస్త తక్కువ. దారి చివర్లో వేగం తగ్గాక అవకాశం పెరుగుతుంది. మొత్తం మీద వెయ్యికి ఒకటో రెండో. అంటే కనీసం వెయ్యి గీతలు లెక్కపెట్టాలి.

పనివాళ్లు ముగ్గురం: నేను, ఎలక్ట్రీషియన్ అయిన మా బావమరిది, ఇంటర్ చదివే మా అమ్మాయి. ఊరు రాజమండ్రి. కాలం వేసవి సెలవులు. ఈ పనికి ఇంతకంటే చెడ్డ కాలం లేదు.

దశ 1: చల్లదనం (ఏప్రిల్)

తొట్టి పైభాగంలో ఆల్కహాల్ ఆవిరవుతుంది. ఆ ఆవిరి కిందికి దిగి, చల్లటి పళ్లెం దగ్గర బొట్టుగా మారడానికి సిద్ధంగా ఉండీ మారలేని స్థితిలో ఆగుతుంది. ఆల్ఫా కణం తన దారిలో వదిలిన అయాన్లు దొరికితే వాటి చుట్టూ చుక్కలు కడతాయి. ఇదంతా జరగాలంటే పళ్లెం సున్నా కింద 25 డిగ్రీలైనా చల్లబడాలి.

1. మొదట ఐసూ, రాళ్ల ఉప్పూ మూడుకు ఒకటి చొప్పున కలిపాం. పుస్తకం ప్రకారం −21 రావాలి. పళ్లెం −14 దగ్గరే ఆగింది. పనికిరాలేదు.
2. తర్వాత పెల్టియర్ బిళ్లలు (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కేవి), టీఈసీ1-12706 రకం, పాత కంప్యూటర్ పవర్ సప్లైతో. ఒక్క బిళ్లతో −8. ఒకదాని మీద ఒకటి పెడితే −19. వేడి వైపు 58 డిగ్రీలకు పోయింది. బయట 41 డిగ్రీల ఎండ ఉంటే ఫ్యాన్ ఆ వేడిని ఎక్కడికి తోలుతుంది?
3. చివరికి డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. దాని ఉష్ణోగ్రత −78.5.

డ్రై ఐస్ కోసం వారం తిరిగాను. చివరికి బావమరిదే చెప్పాడు: "బావా, పెళ్లిళ్లలో అమ్మాయీ అబ్బాయీ స్టేజీ మీదికి వచ్చేటప్పుడు పొగ వదుల్తారు చూడు, అది ఇదే కదా." నిజమే. ఈవెంట్ డెకరేషన్ వాళ్లు తమ ఆర్డరుతో పాటు మాకు నాలుగు కిలోలు కలిపి తెప్పించారు. కిలో 120 రూపాయలు. చేపల మార్కెట్ నుంచి తెచ్చిన థర్మాకోల్ డబ్బాలో ఉంచాం. మూత బిగించకూడదు, గ్యాస్ పోయే సందు ఉండాలి. ఆటోలోనే తెచ్చుకోండి, అద్దాలు మూసిన కారులో వద్దు. వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

ఉష్ణోగ్రత కొలవడంలో ఒక తప్పు చేశాం. కోవిడ్ నాటి నుదుటి థర్మామీటరు ఈ పనికి పనికిరాదు, 'లో' అని చూపించి ఊరుకుంది. మెరిసే అల్యూమినియం మీద ఏ ఇన్‌ఫ్రారెడ్ గన్ అయినా తప్పే చూపిస్తుంది. మల్టీమీటరుకు పెట్టే కె-టైప్ ప్రోబ్ 250 రూపాయలు. మొదటి రోజే కొనాల్సింది.

ఇప్పటిదాకా ఖర్చు: పెల్టియర్లు 500, థర్మల్ పేస్ట్ 150, ప్రోబ్ 250. మొత్తం 900.

దశ 2: తొట్టి, గుడ్డ, ఆల్కహాల్

30×20×20 సెం.మీ. చేపల తొట్టిని బోర్లించాం. అడుగున 4 మి.మీ. అల్యూమినియం పళ్లెం, మీద మ్యాట్ నలుపు స్ప్రే. ముందు నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి చూశాం. చలికి అది ముడతలు పడి లేచింది, లేచిన చోటల్లా పళ్లెం వెచ్చగా ఉండిపోయింది. పెయింటే మంచిది.

తొట్టి లోపల పైభాగాన ఆల్కహాల్ పీల్చుకునే గుడ్డ కావాలి. ఇంట్లో ఉన్న గొంగళి ముక్క కట్టాను. రంగూ జిడ్డూ కలిసిన బొట్లు నల్ల పళ్లెం మీద పడి మచ్చలయ్యాయి. 60 రూపాయల ఫెల్ట్ గుడ్డ తెచ్చి అల్యూమినియం తీగతో కట్టాక ఆ బాధ పోయింది.

ఆల్కహాల్ దగ్గర చేసిన తప్పు ఇంకా పెద్దది. మెడికల్ షాపులో దొరికే 70 శాతం స్పిరిట్ రెండు సీసాలు పోశాను. మిగతా 30 శాతం నీళ్లే కదా, అవి పళ్లెం మీద మంచులా గడ్డకట్టి తెల్లగా పరుచుకున్నాయి. నలుపు మాయమైంది, దానితో పాటు కనిపించే అవకాశమూ పోయింది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొనండి, లీటరు 450. మంట దగ్గర పెట్టవద్దు, కిటికీలు తెరిచి ఉంచండి.

ఇప్పటిదాకా ఖర్చు: తొట్టి 650, పళ్లెం 320, పెయింట్ 220, ఫెల్ట్ 60, ఆల్కహాల్ 450, వృథా అయిన స్పిరిట్ 120. పాతవి 900 కలిపి 2,720.

దశ 3: రన్ 1, రన్ 2 (మే మొదటి వారం)

రన్ 1లో గంటంబావు కూర్చుని చూసింది సన్నటి చిరుజల్లు మాత్రమే. ఒక్క గీత లేదు. ప్రోబ్ −31 చూపిస్తోంది. డ్రై ఐస్ గడ్డలు గడ్డలుగా ఉన్నాయి, పళ్లేనికి నాలుగైదు చోట్లే తగులుతున్నాయి. గోనెసంచిలో వేసి సుత్తితో నలగ్గొట్టి మళ్లీ పరిస్తే పది నిమిషాల్లో −58. అయినా గీతలు రాలేదు.

రన్ 2కి మార్చినవి:

1. తొట్టి అంచు చుట్టూ పిల్లలు ఆడుకునే క్లే అద్దాం. ముందు రోజు గాలి దూరుతోందని అగరుబత్తి పొగతో తెలిసింది. ఆ పరీక్ష ఆల్కహాల్ పోయకముందే, ఖాళీ తొట్టితో చేసుకోవాలి.
2. స్పిరిట్ లెవల్ పెట్టి పళ్లెం సమం చేశాం. ఒక వైపు వాలితే ఆల్కహాల్ పొర అటే పోతోంది.
3. వెలుగు పైనుంచి వేయడం మానేసి, ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను పక్కనుంచి, పళ్లేనికి వేలెడు ఎత్తులో పెట్టాం.
4. ఏసీ ఆపేశాం. పైభాగం వెచ్చగా ఉంటేనే ఆవిరి పుడుతుంది. మేమూ ఆవిరయ్యాం.

పన్నెండో నిమిషంలో మా అమ్మాయి "నాన్నా, దారప్పోగు!" అంది. సన్నగా, పొడవుగా, నేరుగా ఒక గీత. ఇంకో నిమిషానికి మెలికలు తిరిగిన మరొకటి. ఏ రేడియోధార్మిక పదార్థమూ పెట్టకుండానే ఇవి వస్తాయి. నేరుగా పోయినవి ఎక్కువగా ఆకాశం నుంచి వచ్చే మ్యూవాన్లు అనే కణాలు, మెలికలవి ఎలక్ట్రాన్లు.

పాత అయాన్లు పోగుపడితే తెర మసకబారుతుంది, వాటిని లాగేయడానికి విద్యుత్ క్షేత్రం కావాలి. దోమల బ్యాట్ సర్క్యూట్ వాడమని చాలామంది చెబుతారు. బావమరిది దాన్ని పట్టుకుని ఒకసారి 'టప్'మనిపించి, ఆల్కహాల్ ఆవిరి వైపు చూసి పక్కన పెట్టేశాడు. ఆ విషయంలో అతని మాటే ఫైనల్. దాని బదులు పీవీసీ గొట్టాన్ని పట్టుగుడ్డతో రుద్ది తొట్టి మీద తిప్పుతున్నాం. గోదావరి గాలిలో తడి ఎక్కువున్న రోజు ఇది పని చేయదు.

క్లౌడ్ చాంబర్‌ను కనిపెట్టిన సి.టి.ఆర్. విల్సన్ 1894లో స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ కొండ మీద పొగమంచును చూసి, దాన్ని గాజు పాత్రలో చేసి చూద్దామనుకున్నాడు. గీతలు ఫొటోలో పట్టేసరికి 1911 అయింది. రెండు వారాలకే విసుక్కుంటున్న నాకు ఇది గుర్తుండాల్సింది. ఆయనది గాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేసే పద్ధతి, ఒక్కో క్షణమే కనిపిస్తుంది. మాది తర్వాతి తరం పద్ధతి, ఐస్ ఉన్నంతసేపూ చూడొచ్చు.

ఇప్పటిదాకా ఖర్చు: డ్రై ఐస్ 480, ఎల్‌ఈడీ 180. మొత్తం 3,380. లావు గీతలు: 0.

దశ 4: ఆల్ఫా ఎక్కడిది? రన్ 3 అనే పొరపాటు

పెట్రోమాక్స్ లైటు మాంటిల్‌లో (మంట చుట్టూ కట్టే వలలాంటి గుడ్డలో) ఆల్ఫాలను వదిలే తోరియం ఉండేది. కొత్తగా కొన్న మాంటిల్ ఏమీ ఇవ్వలేదు. ఇప్పుడు చాలావాటిలో ఇట్రియం వాడుతున్నారు. అటక మీద జాతర్ల కాలం నాటి పాత ప్యాకెట్ ఒకటి దొరికింది.

భద్రత కోసమని దాన్ని జిప్ కవరులో పెట్టి తొట్టిలో ఉంచాను. అరగంట గడిచినా ఒక్క లావు గీత లేదు. ఆల్ఫాను కాగితం ఆపుతుందని పిల్లలకు చెప్పే మనిషినే, కవరు కూడా ఆపుతుందని తట్టలేదు. గ్లౌజులు, మాస్కు వేసుకుని కవరులోంచి తీశాను. మాంటిల్‌ను కాల్చకండి, నలపకండి. దాని పొడి లోపలికి పోతేనే ప్రమాదం.

ఈసారి గీతలు వచ్చాయి. లావుగా, పొట్టిగా, సుద్దముక్కతో గీసినట్టు. ఒక ఆల్ఫా తన దారిలో లక్షకు పైగా అయాన్ జంటలను వదులుతుంది, అందుకే అంత లావు. రాత్రి పదకొండుకు మా లెక్క: లావు గీతలు 212, వంగినవి 9.

తొమ్మిది! వెయ్యికి ఒకటి వస్తుందనుకున్నచోట నూటికి నాలుగు. ఆ రాత్రి మేం చాలా ఆనందంగా పడుకున్నాం. తెల్లారి లెక్క చూస్తే టెన్షన్ మొదలైంది. నా సూత్రంలో నలభై రెట్ల తప్పు ఉండాలి, లేదా మేం చూసినవి వంగిన గీతలు కావు.

వీడియో ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాం. తొమ్మిదింట్లో ఒక్కటీ మాంటిల్ దగ్గర మొదలవలేదు. అన్నీ గాలిలో ఎక్కడో మొదలయ్యాయి. రెండు కొమ్ములూ ఒక బిందువు నుంచే బయటికి పోతున్నాయి, టిక్కు పెట్టినట్టు. అప్పుడు వెలిగింది. తోరియం నుంచి థోరాన్ అనే వాయువు పుడుతుంది. అది మాంటిల్ వదిలి తొట్టంతా తిరుగుతుంది. దాని పరమాణువు ఒక ఆల్ఫాను వదిలి పొలోనియం-216 అవుతుంది. ఆ పొలోనియం అర్ధజీవితం (ఉన్నవాటిలో సగం విచ్ఛిన్నమయ్యే కాలం) 0.15 సెకను. కదిలేలోపే అదే చోట రెండో ఆల్ఫా. రెండు కణాల రెండు దారులను మేం ఒక్క కణం వంపు అనుకున్నాం.

రన్ 3 లెక్క మొత్తం కొట్టేశాను. కాకపోతే మాంటిల్‌ను పారేసే ముందు ఒక పని చేశాం. దాన్ని మెత్తటి సాస్ సీసాలో పెట్టి, ఒక రాత్రి ఉంచి, సీసా నొక్కి లోపలి గాలి మాత్రమే తొట్టిలోకి పంపాం. సీసా మూతి రంధ్రానికి దూది అడ్డం. తర్వాత ఒక్కో అర నిమిషానికి కనిపించిన జంట గీతలు: 21, 15, 10, 8, 4. సుమారు నిమిషానికి సగం. థోరాన్ అసలు అర్ధజీవితం 56 సెకన్లు. మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్ ఈ వాయువు మీదనే 1900లో నిమిషానికి సగం అని కొలిచాడు. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా అన్నిటికంటే శుభ్రమైన కొలత ఇదే, అది కూడా తప్పులోంచి వచ్చింది.

మళ్లీ మోసపోకుండా గోడ మీద రాసి అంటించిన నియమాలు:

1. గీత మనం పెట్టిన రేడియోధార్మిక పదార్థం దగ్గర మొదలవ్వాలి. గాలిలో మొదలైతే లెక్కలోకి రాదు.
2. వంపు తర్వాతి కొమ్ము అదే గీతకు కొనసాగింపుగా ఉండాలి, లావు ఒక్కసారిగా మారకూడదు.
3. వంపు దగ్గర చిన్న మొలక కనిపిస్తే మరీ మంచిది. అది దెబ్బ తిని కదిలిన కేంద్రకం.
4. 30 డిగ్రీల లోపు వంపులు వదిలేయాలి.

దశ 5: వెల్డింగ్ రాడ్, రన్ 4 నుంచి 7

టిగ్ వెల్డింగ్‌కు వాడే టంగ్‌స్టన్ రాడ్లలో ఎర్ర కొన ఉన్నవాటిలో సుమారు 2 శాతం తోరియం ఆక్సైడ్ ఉంటుంది. లోహంలో బిగిసి ఉండడం వల్ల థోరాన్ పెద్దగా బయటికి రాదు. వెల్డింగ్ షాపులో ఒక రాడ్ 120 రూపాయలు. దాన్ని అరగదీయకండి, కోయకండి. మేం 15 సెం.మీ. రాడ్ మొత్తానికి అల్యూమినియం టేపు చుట్టి 3 సెం.మీ. మాత్రం వదిలాం. లేకపోతే గీతలు ఒకదాని మీద ఒకటి పడి లెక్క అందదు.

లెక్కపెట్టడమే ఈ ప్రాజెక్టులో కష్టమైన పని అని అప్పుడు తెలిసింది. ఒకే పది నిమిషాలు నేనూ మా అమ్మాయీ విడివిడిగా లెక్కపెడితే నాకు 61, తనకు 48. వీడియోలో ఆపి చూస్తే 55. నేను లేనివి చూస్తున్నాను, తను కొన్ని వదిలేస్తోంది. అక్కడి నుంచి కంటి లెక్క మానేసి ఫోన్ వీడియోనే నమ్మాం. మాంచెస్టర్‌లో వీడియో లేదు. చీకటి గదిలో కళ్లు అలవాటు పడేదాకా కూర్చుని, మైక్రోస్కోపులో ఒక్కో మెరుపునూ లెక్కపెట్టేవారు. గైగర్ రాత్రంతా చలించకుండా చేసేవాడట. తాను రెండు నిమిషాలకే తిట్టుకుంటూ లేచిపోయానని రూథర్‌ఫర్డే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. మా ఇంట్లో గైగర్ ఎవరో, రూథర్‌ఫర్డ్ ఎవరో చెప్పనక్కర్లేదు.

రన్ 4: 318 గీతలు, వంగినవి 0. మొత్తం 318కి 0.

రన్ 5: 407 గీతలు, వంగినది 1. రాడ్ నుంచి బయల్దేరి 2 సెం.మీ. పైగా నేరుగా పోయి, చివరి 4 మి.మీ. దగ్గర ఎడమకు తిరిగింది. స్క్రీన్ మీద కోణమానిని పెడితే 40 డిగ్రీలు. మొత్తం 725కి 1.

రన్ 6: వాన పడిన రోజు. క్లే తడిసి గాలి దూరింది, గీతలు దూదిలా చెదిరాయి. 146, వంగినవి 0. మొత్తం 871కి 1.

రన్ 7: 75 నిమిషాలు, 541 గీతలు. వంగినవి రెండు అనుకున్నాం. ఒకటి రెండో నియమం కింద పోయింది: వేరే గీత మీద పడింది. రెండోది మాత్రం నిలిచింది. సుమారు 65 డిగ్రీల వంపు, వంపు దగ్గర రెండో వైపుకు బియ్యపు గింజలో సగం ఉన్న మొలక. మొత్తం 1,412కి 2.

ఆ మొలకను పదేపదే చూశాను. ఎలక్ట్రాన్ తగిలితే ఆల్ఫా ఇలా తిరగదు. ఆల్ఫా బరువు ఎలక్ట్రాన్‌కు దాదాపు 7,300 రెట్లు, లారీకి ఈగ తగిలినట్టు. లక్ష పరమాణువుల్లోంచి నేరుగా దూసుకొచ్చినది ఒక్కచోట అడ్డంగా తిరగాలంటే, అక్కడ దాదాపు తనంత, లేదా తనకంటే బరువైనది, అతి చిన్న చోట ఉండాలి. పుచ్చకాయ నమూనాలోలా ధనావేశం పరమాణువంతా పరుచుకుని ఉంటే ఈ వంపు రాదు. బోర్డు మీద ఇది వందసార్లు రాశాను.

రెండే వంపులతో 'ఇంతకు ఇన్ని' అని తేల్చడం కుదరదు. నా కాగితం లెక్కకు ఎదురు మాత్రం పోలేదు. ఇలాంటి పనికే కేంబ్రిడ్జిలో భౌతిక శాస్త్రవేత్త ప్యాట్రిక్ బ్లాకెట్ సుమారు 23,000 ఫొటోలు తీసి, నాలుగు లక్షలకు పైగా గీతలు వెతికాడు. నైట్రోజన్ కేంద్రకం ఆల్ఫాను మింగి ప్రోటాన్‌ను కక్కిన గీతలు అందులో 8 దొరికాయి. అది 1925లో అచ్చయింది.

ఇప్పటిదాకా ఖర్చు: రాడ్ 120, రన్ 3 నుంచి 7 దాకా డ్రై ఐస్ 1,800, ఇంకో లీటరు ఆల్కహాల్ 450. మొత్తం 5,750.

దశ 6: ఇంకా తేలనిది

ఆ 40, 65 డిగ్రీలు రెండూ పైనుంచి తీసిన ఒకే ఫోన్ కొలతలు. గీత కిందికో పైకో కూడా వంగి ఉంటే అసలు కోణం వేరు. బ్లాకెట్ రెండు దిక్కుల నుంచి ఫొటో తీసింది ఇందుకే. రెండో ఫోన్ పెడితే దాని వెలుగు అడ్డొస్తోంది. తొట్టి పక్కన 45 డిగ్రీల వాలులో అద్దం పెట్టి, ఒకే వీడియోలో పైనుంచీ పక్కనుంచీ పట్టేలా చెక్క స్టాండ్ చేయించాం, 200 రూపాయలు. మొత్తం 5,950.

స్టాండ్ సిద్ధంగా ఉంది. ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, డెకరేషన్ వాళ్లకు పొగ అక్కర్లేదు, మాకు డ్రై ఐస్ లేదు. విడిగా కావాలంటే పది కిలోలకు తక్కువ పంపరట. శ్రావణంలో మొదటి ముహూర్తానికి మూడు కిలోలు కలపమని చెప్పి వచ్చాను. రన్ 8 అప్పుడే.